మోకాలి ఆపరేషను తర్వాత తొడకు ‘కరెంటు’ ఎందుకు?

కబడ్డీలో కాలు మెలిపడినా, మోటారు సైకిలు మీది నుంచి పడినా మోకాటిలో ‘నరం తెగింద’ని గ్రామాల్లో అంటుంటారు. నిజానికి తెగేది నరం కాదు. తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ అది. దానినే డాక్టర్లు లిగమెంటు అంటారు. మోకాటి నడుమ ఉండే ముందరి లిగమెంటు తెగితే గట్టు దిగేటప్పుడు, పక్కకు మళ్ళేటప్పుడు మోకాలు జారిపోతున్నట్లు ఉంటుంది. అవసరమైన వారికి ఆపరేషను చేసి, సాధారణంగా రోగి కాలిలోని మరొక చోటి నుంచే పట్టీ ముక్క తీసి దాని స్థానంలో అమరుస్తారు.

కుట్లు విప్పగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. పొలం పనులని, బస్సు ఖర్చులని వ్యాయామ చికిత్స మానేస్తారు. అక్కడే నష్టం జరుగుతోంది. కొత్త పట్టీ బాగానే ఉన్నా తొడలో బలం లేక కాలు కుంటుతుంది.

తొడ ఎందుకు సన్నబడుతుంది?

తొడ ముందు భాగంలో నాలుగు కండరాలు ఒక జట్టుగా పనిచేస్తాయి. కూర్చుని లేవాలన్నా, మెట్లు దిగాలన్నా, బస్తా ఎత్తాలన్నా ఇవే ఆధారం. మోకాలు దెబ్బతిని వాచినప్పుడు అక్కడి నుంచి వెళ్ళే సంకేతాల వల్ల ఈ కండరాలకు రావలసిన ఆజ్ఞలు తగ్గిపోతాయి. రోగి ఎంత ప్రయత్నించినా కండరం పూర్తిగా బిగుసుకోదు. ఇది బద్ధకమూ కాదు, భయమూ కాదు. పనిలేని కండరం కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది. మోకాలి చిప్పకు పైన జానెడు దూరంలో రెండు తొడలనూ టేపుతో కొలిస్తే తేడా కనబడుతుంది.

మెదడు చేయలేని పని యంత్రం

ఆజ్ఞ అందని కండరాన్ని బయటి నుంచి కదిలించడమే ‘కరెంటు పెట్టడం’. తొడ పైభాగాన ఒక ప్యాడు, చిప్పకు కొంచెం పైన లోపలి వైపు మరొక ప్యాడు అంటిస్తారు. యంత్రం విద్యుత్తును ఒళ్ళు తట్టుకోగలిగిన చిన్న విడతలుగా మార్చి పంపుతుంది. మొదట చీమలు పాకినట్లు ఉండి, తర్వాత తొడను ఎవరో పిడికిట పట్టి బిగించినట్లు అవుతుంది.

విద్యుత్తు తగిలితే చచ్చిన కప్ప కాలు కూడా అదురుతుందని ఇటలీకి చెందిన గాల్వానీ 1791లో లోకానికి తెలిపారు. సోవియట్ శాస్త్రజ్ఞుడు యాకోవ్ కోట్స్ ఆటగాళ్ళపై ఈ పద్ధతి ప్రయోగించి, 1977లో కెనడాలోని మాంట్రియల్‌లో వివరించారు. ఆయన చెప్పినంత బలం ఇతరుల ప్రయోగాల్లో రాలేదు. అయితే 10 సెకన్లు కరెంటు, 50 సెకన్లు విశ్రాంతి అనే ఆయన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది.

110 మందిపై పరీక్ష

అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ స్నైడర్ మాక్లర్, ఆమె సహచరులు ఈ లిగమెంటు ఆపరేషను అయిన 110 మందిని చీటీలు వేసినట్లుగా జట్లు చేసి పరీక్షించారు. ఫలితాలు 1995లో వెలువడ్డాయి. నాలుగు వారాల చికిత్స తర్వాత, గట్టిగా కరెంటు పెట్టిన వారి తొడకు మంచి కాలి బలంలో 70 శాతం లేదా అంతకు మించి వచ్చింది. సొంతంగా గట్టి వ్యాయామం చేసిన వారికి 57 శాతం, తక్కువ కరెంటు పెట్టిన వారికి 51 శాతం వచ్చింది.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. చక్కిలిగింత పెట్టినట్లుండే కరెంటుతో తొడకు బలం రాదు. కండరం గట్టిగా బిగుసుకోవాలి. నొప్పి తగ్గడానికి పెట్టే కరెంటు వేరు, ఇది వేరు. రెండవది, కరెంటు పెట్టిన వారు దానితో పాటు వ్యాయామాలు కూడా చేశారు. ప్యాడ్లు అంటించుకుని పడుకుంటే చాలదు. కరెంటు వచ్చినప్పుడల్లా రోగి కూడా తన వంతుగా తొడను బిగించాలి. ఇంటి వద్ద మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి కిందికి అదమడం వంటి వ్యాయామాలు చికిత్సకుడు చూపిన విధంగా రోజూ చేయాలి.

జాగ్రత్తలు

గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు, గర్భిణులు, తొడపై స్పర్శ లేనివారు, గాయం మాననివారు ముందుగా డాక్టరుకు చెప్పాలి. పిక్క ఎర్రబడి, వాచి, నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్యాడ్ల స్థానం, కరెంటు మోతాదు సొంతంగా నిర్ణయించుకోరాదు.

నడక బాగుందని తొందరపడి కబడ్డీ బరిలో దిగడం కూడా ముప్పే. 2016లో వెలువడిన నార్వే అధ్యయనంలో, ఆట మొదలుపెట్టడాన్ని తొమ్మిది నెలల వరకు ఒక్కొక్క నెల వాయిదా వేసిన కొద్దీ మోకాలు మళ్ళీ దెబ్బతినే ముప్పు సుమారు సగం చొప్పున తగ్గింది. ఆపరేషను అయిన కాలికి మంచి కాలి బలంలో కనీసం 90 శాతం రావాలన్నది కూడా వారి నియమం. కాబట్టి ఆట ఆడే ముందు, బరువులు మోసే ముందు రెండు తొడల బలాన్నీ పరీక్ష చేయించుకుని, చికిత్సకుడు సరేనన్న తర్వాతే అడుగు వేయడం మేలు. ఆసుపత్రికి రోజూ రాలేని గ్రామస్థులు ఆ సంగతి మొదటి రోజే చెబితే, ఏ రోజుల్లో రావాలో, ఇంటి వద్ద ఏమి చేయాలో చికిత్సకుడు పట్టీ రాసి ఇవ్వగలరు.