బర్గర్ షాపు వస్తోంది... మన ప్లేటు సంగతేంటి?

మెయిన్ రోడ్డు మీద ఏదైనా పెద్ద బర్గర్ కంపెనీ 'త్వరలో ప్రారంభం' అని బోర్డు పెట్టిందంటే చాలు, ఊళ్లో చర్చ మొదలవుతుంది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వాళ్లకు ఇది పాత ముచ్చటే. ఇప్పుడు జిల్లా కేంద్రాల వంతు వచ్చింది. టీ కొట్టు దగ్గరా, వాకింగ్‌కు వెళ్లిన చోటా, ఆఖరికి మా ఆసుపత్రి ఓపీ క్యూలోనూ ఇదే మాట. 'మన ఊరూ సిటీ అయింది' అని కుర్రాళ్ల సంబరం. 'పిల్లల ఆరోగ్యం ఏమైపోతుందో' అని తల్లుల బెంగ. 'ఇక మా బండి దగ్గరికి ఎవరొస్తారు' అని బజ్జీలు వేసే ఆయన దిగులు. చివరికి అందరూ వైద్యుల్ని అడిగేది ఒకటే: 'డాక్టరుగారూ, అది మంచిదా, చెడ్డదా?'

ఒక్క ముక్కలో చెప్పాలంటే, అది మీరు ఎన్నిసార్లు తింటారు, దానితో పాటు ఏం తాగుతారు, మిగతా రోజుల్లో మీ ప్లేటులో ఏముంటుంది అన్న వాటి మీద ఆధారపడి ఉంటుంది. కాస్త వివరంగా చూద్దాం.

ఈ చర్చ కొత్తది కాదు

1995లో బెంగళూరులో కేఎఫ్‌సీ తెరిచినప్పుడు పెద్ద గొడవే జరిగింది. రైతు నాయకుడు ఎం.డి. నంజుండస్వామి నాయకత్వంలో కర్ణాటక రాజ్య రైతు సంఘం దాన్ని వ్యతిరేకించింది. 1996 జనవరిలో ఆ రెస్టారెంట్‌పై దాడి కూడా జరిగింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో మెక్‌డొనాల్డ్స్ తొలి శాఖ మొదలైంది. మన వాళ్ల ఆచారాలకు తగ్గట్టు గొడ్డు మాంసం లేని మెనూతో వచ్చింది. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఆందోళనలు ఆగిపోయాయి, శాఖలు పెరిగాయి.

కేరళ ఇంకో దారి ప్రయత్నించింది. 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్లలో అమ్మే బర్గర్లు, పిజ్జాల వంటి వాటిపై 14.5 శాతం పన్ను వేసింది. జనం దాన్ని 'కొవ్వు పన్ను' అన్నారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక అది పోయింది. అయితే అందులో ఒక చిక్కుంది. పెద్ద కంపెనీ బర్గర్‌కు పన్ను పడింది, పక్క వీధిలో అదే పనిగా కాగిన నూనెలో వేగినదానికి పడలేదు. మన కాలేయానికి మాత్రం బ్రాండ్ పేరు చదవడం రాదు.

షాపు రాకముందే వచ్చిన జబ్బు

ఇక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి. మా ఓపీకి వచ్చే మధుమేహులలో ఎక్కువమంది జీవితంలో ఒక్కసారి కూడా బర్గర్ తిననివాళ్లే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. పెద్దవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా అధిక రక్తపోటు ఉంది. ఇదంతా బర్గర్ షాపులు తెచ్చింది కాదు. మూడు పూటలా తెల్లన్నం, రోజుకు నాలుగైదు చక్కెర టీలు, సాయంత్రం బజ్జీలు, పునుగులు, ఆదివారం బిర్యానీ, నడక లేకపోవడం... ఇవన్నీ కలిసి తెచ్చాయి. మన దేశంలో సగటు మనిషి తీసుకునే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని అదే అధ్యయనం తేల్చింది.

అంటే ఇప్పుడు రాబోయే షాపు ఆరోగ్యంగా ఉన్న ఊరికి రావడం లేదు. ఇప్పటికే బరువు మోస్తున్న ఊరికి వస్తోంది. అందుకే 'ఒక్క బర్గర్‌తో ఏమవుతుంది' అనే మాట నిజమైనా, అది పూర్తి లెక్క కాదు. ఉన్న బజ్జీలు మానేసి బర్గర్ తినేవాళ్లు తక్కువ. బజ్జీలకు తోడు బర్గర్ కూడా తినేవాళ్లే ఎక్కువ. మా భయం అదే.

బర్గర్ కంటే కాంబోతోనే చిక్కు

మామూలు బర్గర్ ఒక్కదానిలో సుమారు 350 నుంచి 400 కిలో కేలరీలు ఉంటాయి. ఒక మసాలా దోసెలోనూ దాదాపు అంతే. పెద్ద ప్లేటు బిర్యానీ అయితే దీనికి రెట్టింపు దాటుతుంది. అలా చూస్తే బర్గర్ రాక్షసి ఏమీ కాదు. చిక్కంతా దాన్ని అమ్మే తీరులో ఉంది. 'ఇంకో కొంచెం ఇస్తే ఫ్రైస్, కూల్‌డ్రింక్ కూడా' అంటారు. డబ్బులు కలిసొచ్చాయనుకుని తీసుకుంటాం.

ఇప్పుడు కూడండి. బర్గర్ 400, ఫ్రైస్ 300, కూల్‌డ్రింక్ 120. మొత్తం 800 దాటింది. పదకొండేళ్ల పిల్లాడికి రోజంతటికీ కావాల్సింది సుమారు 2,000 కిలో కేలరీలు. అందులో నలభై శాతం సాయంత్రం చిరుతిండికే అయిపోయింది. ఇంటికొచ్చాక అమ్మ పెట్టే అన్నం మామూలే.

చక్కెర సంగతి చూస్తే, 300 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 30 గ్రాములు, అంటే ఆరేడు చెంచాలు ఉంటుంది. విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క గ్లాసుతోనే ఆ గీత దాటేశాం. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. బర్గర్, ఫ్రైస్, పైన సాస్ కలిస్తే అందులో సగం దాకా వెళ్లిపోతుంది. (ఆవకాయ ప్రియులూ, నవ్వకండి. మీ లెక్క కూడా ఇలాగే ఉంటుంది.)

ఇంకో ముఖ్యమైన విషయం. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 20 మందిని నెల రోజులు తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం ఇచ్చారు. రెండింటిలోనూ చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు. కావాల్సినంత తినమన్నారు. ప్రాసెస్ చేసింది పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 కిలో కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లోనే దాదాపు కిలో బరువు పెరిగారు. మెత్తగా ఉంటుంది, గబగబా దిగిపోతుంది. కడుపు నిండిందని మెదడుకు తెలిసేలోపే ప్లేటు ఖాళీ అవుతుంది. కాబట్టి పిల్లాడు ఇంకోటి అడిగితే అది వాడి తిండిపోతుతనం అనుకోకండి.

'బండి కంటే శుభ్రం కదా!'

ఈ వాదన చాలామంది చేస్తారు. కొంతవరకు నిజమే. పెద్ద షాపుల్లో చేతులకు గ్లవుజులు, ఫ్రిజ్‌లు, నూనె మార్చడానికి ఒక పద్ధతి ఉంటాయి. మన బండ్ల దగ్గర ఉదయం పోసిన నూనె రాత్రికి నల్లగా, చిక్కగా మారి నురగ కడుతుంది. వాడిన నూనెలో 'టోటల్ పోలార్ కాంపౌండ్స్' 25 శాతం దాటితే ఇక వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. వేడి బజ్జీలను న్యూస్ పేపరులో చుట్టొద్దని కూడా చెప్పింది, సిరా ఒంట్లోకి వెళ్తుంది. ఈ పత్రిక కూడా చదవడానికే!

అయితే శుభ్రత వేరు, పోషణ వేరు. శుభ్రంగా చేసిన బర్గర్ తింటే విరేచనాలు కాకపోవచ్చు. వారానికి మూడుసార్లు తింటే బరువు మాత్రం పెరుగుతుంది. బండి ఆయన నూనె మారిస్తే బజ్జీ శుభ్రమవుతుంది కానీ, అందులో నూనె తగ్గదు. రెండింటినీ ఒకే కొలతతో చూడండి.

మీ పిల్లాడి మెడ చూశారా?

మన దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

కాస్త బొద్దుగా ఉన్న పిల్లల మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే చాలామంది తల్లులు మురికి అనుకుని సున్నిపిండితో రుద్దుతారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదని చర్మం ఇచ్చే సంకేతం. ఇలా కనిపిస్తే బర్గర్ షాపు గురించి వాదించడం ఆపి, ముందు పిల్లాడిని డాక్టరుకు చూపించండి. పరగడుపున చక్కెర 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 మధ్య ఉంటే జాగ్రత్త పడాల్సిన దశ. 126, ఆపైన ఉంటే మళ్లీ పరీక్ష చేసి మధుమేహం అవునో కాదో నిర్ధారిస్తారు. ముందు దశలో పట్టుకుంటే తిండి, ఆటలతోనే వెనక్కి తిప్పే అవకాశం చాలా ఎక్కువ.

వెళ్తే ఎలా తినాలి?

• నెలకు ఒకటి రెండుసార్లకు మించొద్దు. అదీ చిరుతిండిలా కాదు, ఒక పూట భోజనం బదులు.
• కూల్‌డ్రింక్ వద్దు, మంచినీళ్లు చాలు. కాంబోలో అన్నిటికంటే ముందు తీసేయాల్సింది ఇదే.
• ఫ్రైస్ చిన్న సైజు ఒక్కటి తీసుకుని నలుగురూ పంచుకోండి.
• అదనపు చీజ్, మయోనీస్ వద్దని చెప్పండి.
• 'మార్కులొస్తే బర్గర్' అని ఆశ పెట్టకండి. తిండిని బహుమతి చేస్తే, పెద్దయ్యాక ప్రతి సంతోషానికీ, ప్రతి దిగులుకూ దాన్నే వెతుక్కుంటారు.
• రాత్రి పదింటికి ఫోన్లో ఆర్డరు పెట్టే అలవాటు చేయకండి.
• షుగరు ఉన్నవాళ్లు 'ఇవాళ బర్గర్ తిన్నాను కదా' అని మాత్ర రెండు వేసుకోవద్దు, ఇన్సులిన్ మీ అంతట మీరే పెంచుకోవద్దు. చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.
• బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పు దృష్ట్యా దూరంగా ఉండటమే మేలు.

సాయంత్రం ఆకలికి ఇంట్లో ఏదైనా సిద్ధంగా ఉంటే సగం గొడవ తప్పుతుంది. ఉడికించిన సెనగల గుగ్గిళ్లు, కోడిగుడ్డు, వేరుసెనగలు, పెసరట్టు, జామకాయ... ఏదైనా సరే. బడి నుంచి వచ్చేసరికి గిన్నెలో కనబడాలి, అంతే.

ఊరు అడగాల్సినవి

షాపును ఆపడం మన చేతుల్లో లేకపోవచ్చు. నిబంధనలు అమలు చేయమని అడగడం మన చేతుల్లోనే ఉంది. పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో ప్రతి పదార్థం పక్కన కేలరీలు చూపించాలి. బోర్డు మీద అవి కనబడకపోతే అడగండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలో, బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఇది పెద్ద కంపెనీకీ, గేటు ముందు ఐస్‌ఫ్రూట్లు, చిప్స్ అమ్మే కొట్టుకూ ఒకటే. ఉల్లంఘన కనిపిస్తే ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు రాసివ్వండి.

ఇంకో మాట. షాపు గురించి ఇంత చర్చించిన మనం, పిల్లలు ఆడుకునే స్థలం ఎక్కడుందని అడగడం మరిచిపోయాం. పిల్లలకు రోజుకు గంట సేపు ఒళ్లు వంచే ఆట కావాలి. చాలా ప్రైవేటు బడులకు మైదానమే లేదు. వార్డు కౌన్సిలరు ఈసారి మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు బర్గర్ షాపు కంటే ముందు ఆ సంగతి అడగండి. షాపు తెరిచిన రోజున సరదాగా పిల్లల్ని తీసుకెళ్లండి, తప్పు లేదు. వచ్చేటప్పుడు మాత్రం నడిచి రండి.