వారపత్రిక నుండి తారల జీవితచరిత్రకు

గౌతమి యానాం చేరకముందు ఎగువన ధవళేశ్వరం ఉన్నది. మెట్టకూరు వాసులకు ఆనకట్టగానే ఎక్కువ పరిచయమైన ఆ ఊరిలో 1931లో ముళ్లపూడి వెంకటరమణ జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి మద్రాసు చేరారు. యానాంలో ఫ్రెంచి పాలన ముగిసిన 1954లోనే ఆంధ్రపత్రికలో ఉద్యోగం దొరికింది.

పత్రికలో గడువు తప్పరాదు, స్థలం మించరాదు. ఏది ఉంచాలో, ఏది విడువాలో అక్కడే పట్టుబడుతుంది. సినిమా సమీక్షలు వ్రాయడంతో చిత్రరంగమూ దగ్గరైంది. అక్కినేని నాగేశ్వరరావు జీవితచరిత్ర వ్రాసినప్పుడు ఆ అలవాటే ఆయనకు అక్కరకు వచ్చింది.

కథకు కావలసినదంతా ఆ జీవితంలోనే ఉన్నది. కృష్ణా జిల్లా రామాపురంలో రైతుబిడ్డ. చదువు చిన్న తరగతులతోనే ఆగింది. నాటకాలలో స్త్రీ వేషాలు వేశాడు. విజయవాడ రైల్వే స్టేషనులో ఘంటసాల బలరామయ్య కంటబడి, 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో రాముడయ్యాడు.

అయితే ఒక చిక్కు ఉన్నది. అక్కినేని నటించిన ‘మూగ మనసులు’ (1964) రచనలోనూ రమణ పాలుపంచుకున్నారు. తాను పనిచేసే చిత్రాల కథానాయకుని గూర్చి నిర్మొహమాటంగా వ్రాయడం ఎవరికైనా కష్టమే.

తన సొంత కథకు ఆ మొహమాటం అక్కరలేకపోయింది. ‘కోతి కొమ్మచ్చి’ని ఆయన మళ్లీ వారపత్రికకే, స్వాతికే, ఇచ్చారు. 2011 ఫిబ్రవరి 24న చెన్నైలో కన్నుమూశారు.