బెజవాడ బజార్లో మొదటి నెల

"అత్తా, బెజవాడలో మూడు నెలలుండాలి. ఏమేం కొనుక్కోవాలి? ఎక్కడ కొనుక్కోవాలి?"

ఘంటసాల నుంచి మా అన్నయ్య కూతురు ఫోను. కాలేజీ ప్రాజెక్టు పని మీద వస్తోంది. "ఫోన్లో ఆర్డరిస్తే అన్నీ గుమ్మంలోకే వస్తాయి కదే!" అని వెనక నుంచి వాళ్ల నాన్న గొంతు. నాకు మాత్రం ముప్పయ్యేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది.

నేనూ అలాగే వచ్చాను. చల్లపల్లిలో బస్సెక్కి, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు మీదుగా ట్రంకుపెట్టెతో బెజవాడలో దిగాను. నాన్న ఇచ్చిన డబ్బు మెస్సు బిల్లుకీ, పుస్తకాలకీ లెక్కగా సరిపోతుంది. మొదటి ఆదివారమే ఓ కొట్లో "అసలైన బందరు కలంకారీ" అంటే డ్రెస్సుగుడ్డ కొన్నాను. బేరమాడితే పల్లెటూరి పిల్లననుకుంటారేమోనని అడిగినంతా ఇచ్చాను. బిల్లు అడగనేలేదు. మొదటి ఉతుక్కే బకెట్లో నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. తిరిగి పట్టుకెళితే, "మా దగ్గరే కొన్నావని రుజువేదమ్మా?" అన్నాడు కొట్టాయన.

ఆ నెల మెస్సు బిల్లుకి నా గదిలో ఉండే నూజివీడు అమ్మాయి అప్పిచ్చింది. నాన్నకి మాత్రం "అంతా బాగానే ఉంది" అని ఉత్తరం రాశాను. గుడ్డ పోయినదానికన్నా ఆ అబద్ధమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తమాషా ఏమిటంటే, కలంకారీ అద్దే పెడన మా ఊరివాళ్లకి బందరు దాటితే వచ్చేస్తుంది!

అందుకే మా మేనకోడలికి ముందుగా చెప్పింది, కొననక్కర్లేని వాటి గురించి.

ఇంటి నుంచే తెచ్చుకోండి

దుప్పట్లు, తువ్వాళ్లు, కంచం, గ్లాసు, తాళంకప్ప, సూదీదారం, పచ్చడి సీసా ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు. కొత్త స్నేహితురాళ్లకి ఏదైనా ఇవ్వాలనుకుంటే బందరు లడ్డూ, చిలకలపూడి రోల్డుగోల్డు నగలు మనవైపువే. కలంకారీ కావాలంటే పెడనలో చూసి కొనుక్కోవచ్చు. చెక్క అచ్చుతో చేత్తో అద్దిన గుడ్డలో అచ్చుకీ అచ్చుకీ చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి. గజాల కొద్దీ ఒక్కలాగే ఉందంటే అనుమానించాల్సిందే. హాస్టల్లో ఏమిస్తారో తెలిసేదాకా బకెట్టు కూడా కొనొద్దు.

ఎక్కడేం దొరుకుతాయి?

చెప్పులు, క్లిప్పులు, బ్యాగులు, రోజూ వేసుకునే బట్టలకి గవర్నరుపేటలో బీసెంట్ రోడ్డు. ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ మధ్య ఉంటుంది. మొదటిసారి ఆ చివర నుంచి ఈ చివరకి ఉత్త చేతులతో నడవండి. మూడు చోట్ల ధర అడిగాక గానీ పర్సు తీయొద్దు.

బట్టల టోకు వ్యాపారానికి వన్‌టౌన్‌లోని వస్త్రలత పేరుపొందింది. ఒక్కరికి ఒక్క గుడ్డ కొనడం కన్నా నలుగురు కలిసి వెళితే బేరానికి బలముంటుంది. పళ్లకీ కూరలకీ అదే వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకి తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరే దానికి పెట్టారు.

పుస్తకాలకి ఏలూరు రోడ్డు. పాతవైనా ఫర్వాలేదంటే లెనిన్ సెంటర్లో వెతకండి. సిలబసు మారుతుంటుంది కాబట్టి ముద్రణ ఏడాది చూశాకే బేరం మొదలుపెట్టండి.

నీళ్లు కాచుకునే హీటరు రాడ్డు దగ్గర మాత్రం చవక చూడకండి. అది ప్రాణంతో పని. ముందు హాస్టలువాళ్లు ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరుందేమో చూడండి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు.

బిల్లు అడగడానికి సిగ్గెందుకు?

ప్యాకెట్టు మీద వేసిన ఎమ్మార్పీకి మించి పుచ్చుకోవడానికి వీల్లేదు. బిల్లివ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వాలని ఆ చట్టమే చెబుతోంది. ఇంటికొచ్చాక రంగు నచ్చలేదంటే మాత్రం ఇది వర్తించదు. కొట్టువాళ్లు వినకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. ఆన్‌లైన్లో కొన్నవాటికీ ఇదే చట్టం.

ఇదంతా విని మా మేనకోడలు, "అత్తా, పాఠం చెప్పేశావుగా!" అని నవ్వింది. మొదటి ఆదివారం నేనూ తోడు వెళ్లాను. తర్వాత తనే వెళుతోంది.

మొన్న రాత్రి ఫోన్ చేసింది. కొత్త బ్యాగు వారానికే కుట్లు ఊడిందట. బిల్లు చూపించి అడిగితే, కాసేపు గొణిగి వేరేది ఇచ్చాడట. "నాన్నకి కూడా చెప్పాను అత్తా. కొంచెం కోప్పడ్డాడు, తర్వాత మంచి పని చేశావన్నాడు" అంది.

నేను దాచిన మాట అది చెప్పగలిగింది. నాకు అదే సంతోషం. చదువుకోడానికి ఊరు దాటే మీ అమ్మాయికి డబ్బుతో పాటు ఈ మాట కూడా ఇచ్చి పంపండి: "మోసపోతే దాచుకోకు, ముందు మాకు చెప్పు." ఏమంటారు?