ఎరుపు ఎక్కడ మొదలవ్వాలి?

ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా నది వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. వానాకాలంలో విజయవాడ వాళ్ల నోళ్లలో నానే అంకెలివి. గంటగంటకూ వచ్చే ప్రవాహాన్ని ఎక్సెల్‌లో ఎక్కిస్తూ, మొదటి గీత దాటిన గడికి పసుపు, రెండోది దాటిన గడికి ఎరుపు పడేలా చెప్పడం పెద్ద పనేమీ కాదు. దీన్నే కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు, ఎక్సెల్ 97 నుంచీ ఉంది. (ఎరుపు నియమాన్ని జాబితాలో పైన పెట్టాలి, లేదంటే 6 లక్షల గడికీ పసుపే పడుతుంది.) 2007లో దీనికి రంగుల మెట్లు (కలర్ స్కేల్స్), డేటా బార్లు, బాణం గుర్తులు తోడయ్యాయి. ముచ్చటగా ఉంటాయి, కానీ మనం ఏ హద్దూ చెప్పకపోయినా రంగు వేసేస్తాయి. వరుసలో ఉన్న అంకెల్లో పెద్దదేదో చిన్నదేదో చూసుకుని, వాటి మధ్యే మంచిచెడ్డలు పంచేస్తాయి. అందుకే, నిర్ణయం తీసుకోవలసిన పట్టికలో రంగు మారే హద్దు షీటు బయటి నుంచే రావాలంటాను.

ధాన్యం తేమనే చూడండి. కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. ఒక ఊళ్లో నమూనాలన్నీ 13, 16 శాతాల మధ్య ఉన్నాయనుకుందాం. ఎక్కువ తేమకు ఎరుపు వచ్చేలా రంగుల మెట్లు పెడితే 16 శాతం ఉన్న రైతు గడి ఎర్రబడుతుంది, అతని ధాన్యంలో ఏ లోపమూ లేకపోయినా. పక్క ఊళ్లో అన్నీ 19 నుంచి 24 దాకా ఉంటే, 19కి పచ్చ రంగు పడుతుంది. ఆ ధాన్యం ఇంకా ఆరబెట్టాల్సిందే. పోలిక సరిగ్గానే జరిగింది, పోల్చాల్సింది మాత్రం పక్క బస్తాతో కాదు, 17తో.

దీనికంటే పెద్ద పాఠం 2024 సెప్టెంబరు వరదల్లో ఉంది. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును దాటాయి. అయినా విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. దాని డైవర్షన్ కాలువ కట్టలకు గండ్లు పడి నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. ఈ రెండు ప్రవాహాలనూ ఒకే వరుసలో రాసి రంగుల మెట్లు వేస్తే, వేలల్లో పారే బుడమేరు లక్షల కృష్ణ పక్కన నిమ్మళంగా పచ్చగా కనిపిస్తుంది. ప్రవాహాన్ని దేని సామర్థ్యంతో దాన్ని భాగించి, ఆ శాతానికి రంగు వేస్తేనే అసలు ప్రమాదం పైకి తేలుతుంది. బ్యారేజీ సామర్థ్యం 11.9 లక్షలు కాబట్టి కృష్ణది ఆ రోజు 96 శాతం. కట్ట తెగేదాకా వెళ్లిన బుడమేరు అదే కొలతలో అంతకంటే ముందే ఎర్రబడి ఉండేది.

హద్దు ముందే తెలియనప్పుడు ఏం చేయాలని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. మండలాల వారీగా ఇరవై ఏళ్ల వర్షపాతం పరచి ఏ నెల ఎటు జారుతోందో వెతికేటప్పుడు రంగుల మెట్లను మించింది లేదు. అక్కడ వెతుకుతున్నాం, తీర్పు చెప్పడం లేదు. ఇంకో అభ్యంతరం: గట్టి హద్దు పెడితే 3.96 లక్షలు తెల్లగా ఉండిపోతుంది, 3.97కు రంగు పడుతుంది, నీటికి ఆ తేడా ఏం తెలుసు? నిజమే. అందుకే పక్కనే గంటకు ఎంత పెరుగుతోందో చూపే వరుస ఒకటి ఉండాలి. అంతేగానీ, హెచ్చరిక గీతను చెరిపేసి రంగును మెల్లగా మార్చుకుంటూ పోతే ఇల్లు ఖాళీ చేయమని ఏ ఛాయ దగ్గర చెప్పాలి?

డేటా బార్లతో ఇంకో జాగ్రత్త. బారు సున్నా నుంచి మొదలవ్వాలి. ఎక్సెల్ 2007లో అన్నింటికంటే చిన్న అంకెకు, దాని విలువ ఎంతైనా, అతి పొట్టి బారే పడేది, 2010లో దాన్ని సరిదిద్దారు. సున్నా నుంచి గీస్తే 2009, 2024 వరదల బార్లు దాదాపు సమానం. అలా గీయకపోతే ఒకటి రెండోదానికి ఎన్నో రెట్లున్నట్టు కనిపిస్తుంది. ఇక ఎరుపు, పచ్చ తేడా తెలియని కళ్లున్నాయి, నలుపు తెలుపుల్లో తీసే జిరాక్సు కాపీలున్నాయి. రంగు పడిన గడి పక్కనే ‘రెండో హెచ్చరిక’ అన్న మాట కూడా ఫార్ములాతో వచ్చేలా చేస్తే ఆ కాగితం ఎవరి చేతికి వెళ్లినా పనికొస్తుంది.