రేనాటి పాటకు పేరుపట్టీ

సంగీత భాండారంలో పాటల సంఖ్య వేలు దాటి లక్షలకు చేరినప్పుడు వాటిని దాచి ఉంచడం కంటె, కావలసిన పాటను వెతికి తీయడమే కష్టమవుతుంది. అందుకే పాడినవారు, రాసినవారు, వరుస కట్టినవారు, రాగం, తాళం, భాష, సందర్భం వంటి వివరాలతో ప్రతి పాటకూ ఒక పేరుపట్టీ తగిలిస్తారు. దీనినే ఈ రంగంలో ట్యాగ్ అంటారు. ఒకప్పుడు మనుషులు విని రాసిన ఈ పట్టీలను ఇప్పుడు చాలావరకు కృత్రిమ మేధ చేత రాయిస్తున్నారు. ఆ మేధ శక్తి ఎంతటిదో, అది ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి సంకీర్తన, వీరగాథ, భజన పక్కపక్కనే బతికిన రేనాటిలోని నంద్యాల, ఆళ్లగడ్డ సీమ చక్కని పరీక్షాస్థలం.

ఆళ్లగడ్డకు చేరువలో, నల్లమల కొండల మధ్య ఉన్న అహోబిలంలో ఆదివన్ శఠకోప యతి వద్ద అన్నమాచార్యుడు (1408–1503) వేదాంతం అభ్యసించినట్లు ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన జీవితచరిత్ర చెబుతున్నది. తిరుమలలో లభించిన రాగిరేకుల మీద ఆయన సంకీర్తనలు ఆధ్యాత్మ, శృంగార విభాగాలుగా ఉండటమే కాక, ఒక్కొక్క పాటకు రాగం పేరు కూడా చెక్కి ఉంది. ఇంత శ్రద్ధగా తయారైన పాటల పట్టిక తెలుగులో మరొకటి అరుదు. అయితే రేకుల మీద స్వరలిపి లేనందువల్ల నాటి వరుసలు నిలవలేదు; ఇప్పుడు వినవచ్చే వరుసలలో అనేకం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు 20వ శతాబ్దంలోనూ ఆ తరువాతా కట్టినవి. కాబట్టి ఏ జాబితాలోనైనా స్వరకర్త అన్న గడిలో అన్నమాచార్యుడి పేరు ఒక్కటే కనిపిస్తే అది సగం నిజమే అవుతుంది. రాసినవారికి ఒక గడి, వరుస కట్టినవారికి మరొక గడి, రేకు మీది రాగానికీ ఇప్పుడు పాడుతున్న రాగానికీ విడివిడి గడులు ఉండాలని నిర్ణయించవలసింది మనిషే. గడి లేనిచోట యంత్రం ఏమీ నింపలేదు.

యంత్రం పాటను వినే తీరు వేరు. అది ధ్వనిని సెకనులో ఇరవయ్యో, ముప్పయ్యో వంతు పాటి చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కలో ఏ స్థాయి నాదం ఎంత బలంగా ఉందో లెక్కించి, ఆ లెక్కలను వరుసగా పేర్చి ఒక చిత్రంగా మార్చుకుంటుంది. దీనికి స్పెక్ట్రోగ్రామ్ అని పేరు. మనుషులు ముందే పట్టీలు కట్టిన వేలాది పాటల చిత్రాలను చూపి, న్యూరల్ నెట్‌వర్క్ అనే గణిత నిర్మాణానికి ఆ పట్టీలకూ చిత్రాలకూ గల సంబంధాన్ని నేర్పుతారు. ఆ తరువాత కొత్త పాట వచ్చినప్పుడు యంత్రం అందులో వీణ ఉండే అవకాశం ఇంత, స్త్రీ గొంతు అయ్యే అవకాశం ఇంత అని అంచనాలు ఇస్తుందే తప్ప తీర్పు చెప్పదు.

కర్ణాటక సంగీతంలో ఈ పని మరింత సూక్ష్మమవుతుంది. గాయకులు ఎవరి శ్రుతి వారు ఎంచుకుంటారు కనుక, యంత్రం మొదట ఆధార షడ్జమాన్ని పట్టుకొని తక్కిన స్వరాలను దానితో పోల్చి కొలవాలి. అంతటితోనూ సరిపోదు; ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణ, అవరోహణలు ఒకటే అయినా, ఆరభి చురుకుగా స్వరాలను నిలకడగా పలికిస్తే, దేవగాంధారి నెమ్మదిగా గమకాలతో సాగుతుంది. ఏ స్వరం ఎంతసేపు వచ్చిందో లెక్కించే యంత్రం వీటిని వేరు చేయడానికి తడబడుతుంది. బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో హావియెర్ సెర్రా నాయకత్వాన 2011లో ప్రారంభమైన కాంప్‌మ్యూజిక్ పరిశోధన ఈ చిక్కును తలకెత్తుకున్నది. ఆ బృందం 2016లో ప్రకటించిన పద్ధతి, స్వరాలతో పాటు కొద్ది క్షణాల ముందు స్వరం ఎక్కడ ఉందో కూడా కలిపి చూసి, 40 రాగాలలోని 480 కర్ణాటక రికార్డింగులలో సుమారు 87 శాతాన్ని సరిగా గుర్తించింది. 30 రాగాలకు పరిమితమైన హిందూస్తానీ సంకలనంలో అది దాదాపు 98 శాతం.

శాస్త్రీయ సంగీతానికి కనీసం ఈ పాటి పాఠాలు ఉన్నాయి. రేనాటి జానపదానికి అవీ లేవు. గూగుల్ 2017లో విడుదల చేసిన ఆడియోసెట్ అనే సంకలనంలో 20 లక్షలకు పైగా పది సెకన్ల ధ్వని ముక్కలు, 632 రకాల పట్టీలు ఉన్నాయి. ఆసియా సంగీతం కింద భారతీయ శైలులకు దానిలో దక్కిన పట్టీలు రెండే, కర్ణాటక సంగీతం, బాలీవుడ్ సంగీతం. దాని వద్ద చదువుకున్న యంత్రానికి, చేతి చెక్కలు వాయిస్తూ బృందంగా పాడే చెక్కభజన వినిపిస్తే చప్పట్లు, తాళవాద్యం, జానపదం అని చెప్పగలదేమో గాని, చెక్కభజన అనే పేరు దాని పదకోశంలోనే లేదు.

ఈ లోపం చిన్నది కాదు. బ్రిటిషు పాలనపై తిరగబడి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీదా, 1866 నాటి కరువులో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి మీదా ఈ ప్రాంతంలో పుట్టిన కథాగేయాలను తంగిరాల వెంకటసుబ్బారావు వంటి పరిశోధకులు సేకరించి పరిశీలించారు. ఒకే కథాగేయం ఊరు మారితే వరుసా మారుతుంది, చరణాలూ మారుతాయి. అలాగే కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ పరిసర గ్రామాలలో సాగే అహోబిలం పారువేట ఉత్సవంలో వినవచ్చే పాట, భజన నేడు సెల్‌ఫోన్లలోకి ఎక్కుతున్నాయి. రాగిరేకు మీద పట్టీ ఉండి వరుస పోయింది. ఈ రికార్డులలో వరుస ఉండి పట్టీ లేదు. పాడినవారి పేరు, ఊరు, ఎవరి వద్ద నేర్చుకున్నదీ, ఏ సందర్భంలో పాడేదీ ధ్వనిలో వినబడే సంగతులు కావు కనుక, రికార్డు చేసిన పూటే అడిగి రాసుకోకపోతే ఎంత గొప్ప యంత్రమైనా వాటిని తరువాత రాబట్టలేదు.

అడిగి రాసినవి కొంత చేరిన తరువాత మాత్రం యంత్రం నిజంగా పనికివస్తుంది. ఒకే వరుస గల పాటలను అది దగ్గరకు చేర్చి, తనకు ఎక్కువ అనుమానమున్న వాటిని ముందుగా ఏరి మనిషికి చూపగలదు. ఇలా అనుమానమున్నవాటిని ముందుగా అడిగి నేర్చుకోవడాన్ని యాక్టివ్ లెర్నింగ్ అంటారు. ఆ మనిషి దూరపు నగరంలో ఆంగ్ల పట్టీలు అతికించే ఉద్యోగి కాక, ఆ పాటను దశాబ్దాలుగా పాడిస్తున్న భజన గురువైతే, ఆయన చెప్పిన ఒక్కొక్క జవాబు దానిని పోలిన పదుల పాటలకు దారి చూపుతుంది. చెప్పినవారి పేరు పట్టీలో ఒక గడిగా ఉండాలి. నల్లమల అడవులలోని చెంచుల పాటల వంటివాటి విషయంలో, బయట వినిపించడానికి ఆ సమూహం సమ్మతించిందా లేదా అన్నది అన్నిటికంటె ముందు గడిగా ఉండాలి.