పాపికొండల నదీయాత్రలో సమాచార సంబంధాలు - ముందుజాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

పోలవరం ప్రాజెక్టుకు ఎగువన గండి పోచమ్మ రేవు నుంచి లాంచీ బయలుదేరి పాపికొండల ఇరుకులోకి ప్రవేశించేసరికి సెల్‌ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల నిలిచిపోవడం యాత్రికులకు అనుభవమే. ఇంటర్నెట్ అందక ఫొటోలు పంపలేకపోవడం స్వల్ప అసౌకర్యం. ఆపద వేళ కబురు అందకపోవడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే విషయం.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద, గోదావరి వరదతో ఉన్న సమయంలో, పర్యాటక బోటు మునిగిపోయింది. అందులోని 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వారిని తొలుత ఆదుకున్నది నాటు పడవలపై వచ్చిన తూటుగుంట గ్రామస్థులే.

సిగ్నల్ ఎందుకు అందదు?

సెల్ టవర్ నుంచి వెలువడే రేడియో తరంగాలు దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. నదికి ఇరువైపులా నిలిచిన ఎత్తైన కొండలు వాటిని అడ్డగిస్తాయి. టవర్ ఉన్న గ్రామంలో సిగ్నల్ చక్కగా ఉన్నప్పటికీ, నది మలుపు తిరగగానే అది మాయమయ్యేది ఇందువల్లనే. మారుమూల గ్రామాలకు 4జి సేవలు అందించేందుకు 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం రూ.26,316 కోట్లతో 24,680 గ్రామాలకు ఉద్దేశించిన పథకాన్ని ఆమోదించింది. అయితే గ్రామానికి సేవలు అందినంత మాత్రాన నదీమార్గమంతటికీ అందినట్లు భావించరాదు.

వాకీటాకీలకు సెల్ టవర్‌తో నిమిత్తం లేదు. కాని వాటి తరంగాలనూ కొండలు అడ్డగిస్తాయి కనుక, కబురును ఒక చోటు నుంచి మరొక చోటికి అందించే కేంద్రాలు మార్గం పొడవునా అవసరం. కచ్చులూరు దుర్ఘటన అనంతరం 2020 జూన్‌లో రాష్ట్రంలో 9 బోటింగ్ కంట్రోల్ రూములు ప్రారంభమయ్యాయి. బోట్ల కదలికల పర్యవేక్షణ వీటి ప్రధాన బాధ్యత.

యాత్రికులు గమనించవలసినవి

* బోటు పేరు, బయలుదేరిన వేళ, తిరిగి చేరవలసిన వేళ రేవు వద్దనే ఇంటివారికి తెలియజేయాలి.
* మ్యాపులను ముందుగానే ఫోన్‌లో భద్రపరచుకోవాలి. జి.పి.ఎస్. నేరుగా ఉపగ్రహాల నుంచి సంకేతాలు గ్రహిస్తుంది కనుక ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది.
* సిగ్నల్ కోసం వెతుకులాటలో ఫోన్ బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది. ఇరుకులో ఫ్లైట్ మోడ్‌లో ఉంచడం మేలు.
* సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మాట వినిపించకున్నా ఎస్.ఎం.ఎస్. చేరే అవకాశం ఉంటుంది.
* అత్యవసర సంఖ్య 112కు అందుబాటులో ఉన్న ఏ సంస్థ నెట్‌వర్క్ ద్వారానైనా ఫోన్ చేయవచ్చు. ఏ నెట్‌వర్కూ లేనిచోట అదీ పనిచేయదు.
* కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేనిదే శాటిలైట్ ఫోన్ వినియోగించడం చట్టవిరుద్ధం.

యాత్రికుని చేతిలోని ఫోన్ ఎంత ఖరీదైనదైనా ఈ ఇరుకులో దానిపై భరోసా ఉంచలేము. రేవు వదిలే ముందు ప్రయాణికుల జాబితా సరిచూడడం, బోటులోని వాకీటాకీని పరీక్షించడం, నిర్ణీత వేళకు బోటు చేరకున్న వెంటనే గాలింపు ఆరంభించడం అధికారుల విధి. ఈ అంశాలను ప్రజలకు విస్తృతంగా తెలియజేయడంలో పాత్రికేయుల సహకారం ఎంతైనా అవసరం.