ఒకే సరస్సు, రెండు రకాల నీరు

విద్యార్థులారా! సముద్రంలోకి దారిలేని సరస్సు క్రమంగా ఉప్పుబారుతుందని మీరు చదివే ఉంటారు. నదులు తెచ్చిన నీరు ఆవిరైపోతుంది, లవణాలు మిగిలిపోతాయి. రాజస్థాన్‌లోని సాంబర్ సరస్సు ఇందుకు ఉదాహరణ. కజకిస్తాన్ స్టెప్పీలకు దక్షిణాన ఉన్న బాల్ఖాష్ సరస్సుకూ బయటకు దారిలేదు. అయినా దాని పడమటి భాగంలో మంచినీరు, తూర్పు భాగంలో ఉప్పునీరు ఉన్నాయి. ఎందుకని?

పటం చూడండి. నెలవంకలా వంగిన ఈ సరస్సు పొడవు సుమారు 600 కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం 6 మీటర్లే. దక్షిణం నుంచి ఒక ద్వీపకల్పం చొచ్చుకువచ్చి దీనిని రెండు భాగాలుగా విడదీస్తుంది. వాటిని కలిపేది ఉజునారల్ అనే ఇరుకైన జలసంధి.

సరస్సుకు చేరే నీటిలో అధికభాగం ఇలీ నదిది. తియాన్‌షాన్ పర్వతాల్లో పుట్టి, చైనా మీదుగా వచ్చి, ఇది పడమటి భాగంలో కలుస్తుంది. ఆ నీరు జలసంధి గుండా తూర్పుకు సాగుతూ లవణాలను వెంట తీసుకుపోతుంది. తూర్పున కలిసే కరటల్ వంటి నదులు చిన్నవి. కనుక లవణాలు అక్కడే పేరుకుంటాయి.

అంటే ఈ సమతుల్యతకు ఆధారం ఇలీ ప్రవాహమే. 1970లో ఆ నదిపై కప్చగాయ్ జలాశయాన్ని నింపడం మొదలుపెట్టారు. 1987 నాటికి సరస్సు మట్టం సుమారు 2 మీటర్లు తగ్గింది. తరువాత కొంత కోలుకుంది. సాగునీటి కోసం నదులను మళ్లించడం వల్ల 1960ల నుంచి అరల్ సముద్రం ఎలా ఎండిపోయిందో మీకు తెలుసు. ఇలీ నీటిని నేడు రెండు దేశాలు వాడుకుంటున్నాయి. అట్లాసులో ఆ నది మార్గాన్ని గుర్తించి, బాల్ఖాష్‌ను కాపాడటానికి ఆ దేశాలు ఏం చేయాలో ఆలోచించండి.